కర్నూల్లో జ్ఞానదంతానికి త్రీడీ స్కాన్ రాసినారు, నిజంగా కావాల్నా?

బురుజు_కాడ: మా తమ్మునికి కింది దవడలో జ్ఞానదంతం అడ్డం పడింది, చెంప వాచి నోరు తెరవలేకపోతాండు. ఓపీజీ (రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే) తీసినారు, అది చూసి డాక్టరు వేరు నరం మీదికొచ్చినట్టుంది సీబీసీటీ, అంటే దవడ త్రీడీ స్కాన్, కూడా తీయించుకొని రాండి అన్నారు, ఇంకో డాక్టరేమో ఓపీజీ చాలు పీకేద్దాం అంటారు. ఎవురికన్నా అనుభవం ఉంటే చెప్పండప్పా.

కడప_చిన్నోడు: తీయించన్నా. నాదీ అదే కేసు. ఓపీజీలో వేరూ నరం ఒకదానిమీదొకటి పడి కనిపిస్తాయి, ఏది ముందుందో ఏది వెనకుందో తెల్దు. సీబీసీటీ మిషను తల చుట్టూ ఒక రౌండు తిరుగుతాది, కొన్ని సెకన్లే, తర్వాత సారు మౌసు జరుపుతా దవడని పొరలు పొరలుగా చూపించినారు. నరం పోయే కాలవ నల్లగా గుండ్రంగా ఉంది, చుట్టూ సన్నని తెల్ల గీత, నా వేరు ఆనినకాడ మాత్రం ఆ గీత లేదు. అది చూసినాక పన్ను పైభాగం మాత్రం కోసి తీసి వేర్లు అట్లే వదిలేసినారు. నరానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయంట, ఒక్కోసారి తిరిగి రాదు కూడా.

అనంత_బీడీఎస్: అనంతపురంలో క్లినిక్ ఉంది నాకు. మీ తమ్ముడికైతే స్కాన్ అవసరమే, కానీ ప్రతి పన్ను నొప్పికీ రాయించుకోవద్దు, సీబీసీటీలో రేడియేషన్ మామూలుగా ఓపీజీ కన్నా ఎక్కువ. పిప్పిపన్నుకి ఆర్‌వీజీ చాలు, చిన్న సెన్సర్ నోట్లో పెడితే బొమ్మ వెంటనే స్క్రీన్ మీదికొస్తుంది. 1896లో జర్మనీలో వాల్కాఫ్ అనే ఆయన తన పళ్లకే ఎక్స్‌రే తీసుకోవడానికి 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు, ఇప్పుడు సెకనులో చిన్న వంతు! మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల మరకలకి కూడా స్కాన్ కావాలా అని అడుగుతారు పాపం, అవి కంటికే కనిపిస్తాయి, ఏ స్కానూ వద్దు.

నంద్యాల_రోడ్డు: మా అమ్మకి పై దవడ పన్ను రూట్ కెనాల్ చేయించినా సలుపు తగ్గలే, స్కాన్ తీస్తే పన్ను వేర్లలో నాలుగో కాలవ శుభ్రం చేయకుండా మిగిలిపోయింది అన్నారు. మళ్లీ చేసినాక తగ్గింది.

అనంత_బీడీఎస్: పై దవడ పెద్ద పళ్లల్లో అది మామూలే, చిన్న ఎక్స్‌రేలో దొరకదు. అయితే మెటల్ క్యాపులుంటే సీబీసీటీలోనూ చారలు పడి ఆ పక్కదేదీ సరిగ్గా కనపడదు, ముందే చెప్పండి.

బురుజు_కాడ: మేడం, సెంటర్లో ఏమని అడగాల?

అనంత_బీడీఎస్: మొత్తం తల వద్దు, ఆ పన్ను వైపే చిన్న ఫీల్డ్ తీయమనండి. ప్రింటు ఒక్కటే తెచ్చుకోవద్దు, డైకామ్ ఫైలు (స్కాన్ పొరలన్నీ ఉండే కంప్యూటర్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి, ఆ రెండో డాక్టరు కూడా తన కంప్యూటర్లో పొరపొరా జరిపి చూడొచ్చు.

బురుజు_కాడ: సరే మేడం, రేపు పొద్దున్నే పోతాం. చిన్నోడా, వేర్లు వదిలేసినాక నీకు నొప్పేమన్నా వచ్చిందా?

కడప_చిన్నోడు: వారం దాకా వాపుండె, అంతేన్నా. ఇప్పుడు చెనిక్కాయలు కూడా నములుతాండా.