"దేవుడి మీద భారం వేశాం" అంటే?

ప్రశ్న: మాది భీమవరం పక్క పల్లెటూరండి. రెండెకరాల వరిచేను తవ్వించి రొయ్య వేయాలా, వరే ఉంచాలా అని ఇంట్లో రోజూ ఇదే మాట. చివరికి నాన్నగారు "దేవుడి మీద భారం వేశానురా" అన్నారు. అంటే ఇక ఆలోచించడం మానేసినట్టేనా? పెద్దలు చెప్పాలి.

జవాబు: ఆ మాట తర్వాత ఆయన ఇంకేమన్నారో గుర్తు తెచ్చుకోండి బాబూ. మన వైపు ఇది ఒంటరిగా రావడం తక్కువ. "భారం వేసి సీడ్ (రొయ్యపిల్లల్ని) దింపేశాం", "భారం వేసి సంబంధం ఖాయం చేశాం", "భారం వేసి ఆపరేషన్‌కి సంతకం పెట్టాం". ప్రతిచోటా 'వేసి' వెనకాల ఒక పని ఉంది. "భారం వేసి కూర్చున్నాడు" అనీ అంటాం కానీ, అన్నవాళ్ళ గొంతులో కోపం వినబడుతుంది.

నరసాపురం ప్రాంతంలో 1830లలోనే మిషనరీలు పని మొదలుపెట్టారు. ఇక్కడి క్రైస్తవుల ఇళ్ళలో 55వ కీర్తన 22వ వచనం చాలామందికి నోటికి వచ్చు: "నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును." గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచినవాళ్ళకి ఆ 'మోపుము' ఎంత బరువైన మాటో తెలుస్తుంది.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం పోతన గజేంద్రుడు. "కలడందురు" అని మూడుసార్లు అంటాడు చూడండి. ఉన్నాడంటారు, ఉన్నాడంటారు... అదంతా పదిమంది చెప్పిన మాట. నాలుగో పాదంలో సొంత గొంతు వస్తుంది: "కలడు కలండనెడివాడు కలడో లేడో". అనుమానమే! అక్కడ దేవుడు ఇంకా 'వాడు'. తర్వాత "లావొక్కింతయు లేదు" పద్యానికి వచ్చేసరికి "నీవే తప్ప నితఃపరం బెరుగ" అంటాడు. 'వాడు' పోయి 'నీవు' వచ్చింది. మొసలితో ఏళ్ళ తరబడి పెనుగులాడాక, ఉన్నాడో లేడో అని అడిగాక వచ్చిన 'నీవు' అది. నిర్ణయం తేలక, దేవుడి మీద అనుమానం కలిగిందని భయపడేవాళ్ళకి ఈ రెండు పద్యాలూ ఇదే వరసలో చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

మరొకరు: మా కోనసీమలో "స్వామికి చెప్పుకుని వచ్చాం" అంటామండి. అయినవిల్లి వినాయకుడి దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళ నోట ఎక్కువగా వింటాను. చెప్పడం వేరు, చెప్పు'కోవడం' వేరు కదా.

జవాబు: బాగా పట్టారు. ఆ 'కో'లో మనసు తేలికపడటం ఉంది.

ప్రశ్న అడిగినవారు: గుర్తొచ్చిందండి. "భారం వేశాను, రేపు మట్టీ నీళ్ళూ పరీక్షకి పట్టుకెళ్ళు" అన్నారు నాన్నగారు.

జవాబు: అయితే పట్టుకెళ్ళండి. పక్క వరిచేల వాళ్ళతో కూడా ముందే మాట్లాడండి. చెరువులో ఉప్పునీరు పెడితే ఊట వాళ్ళ చేలోకి దిగుతుంది. అనుమతి సంగతి కూడా తేల్చుకున్నాకే తవ్వకం మొదలుపెట్టించండి.