ఈస్ట్రోజెన్ మామూలుగానే ఉన్నా నెలసరికి ముందు ఇంత దిగులెందుకు?

ప్రశ్న: నెలసరికి వారం ముందు తీవ్రమైన దిగులు, చిరాకు కమ్ముకుని, రక్తస్రావం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతున్నాయి. రక్తపరీక్షలో ఈస్ట్రోజెన్ మామూలుగానే ఉంది. మరి దీన్ని హార్మోన్ సమస్య అనవచ్చా?

జవాబు 1: అనవచ్చు. ఈస్ట్రోజెన్ మెదడులో మనస్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం తయారీకి కావలసిన ఎంజైమును పెంచి, దాన్ని విచ్ఛిన్నం చేసే మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ను తగ్గిస్తుంది కనుక, ఈస్ట్రోజెన్ స్థాయి పడిపోయినప్పుడు కొందరి మనసు కుంగుతుంది. మామూలు హెచ్చుతగ్గులకే వారి మెదడు అతిగా స్పందిస్తుంది. అందుకే ఒక్క రక్తపరీక్షతో (నా దృష్టిలో అది దాదాపు వృథా) ఏమీ తేలదు.

జవాబు 2: ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ నుంచి పుట్టే అల్లోప్రెగ్ననలోన్‌నూ మరువకూడదు. అది మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనపు గ్రాహకాలపై పనిచేస్తుంది. ప్రసవానంతర కుంగుబాటుకు అమెరికాలో 2019లో ఆమోదం పొందిన బ్రెక్సనలోన్ అనే మందు ఆ పదార్థమే.

జవాబు 3: రెండు నెలల పాటు లక్షణాలను ఏ రోజుకారోజు రాసి సైకియాట్రిస్టుకు చూపండి. మామూలు డిప్రెషన్‌లో వారాలు పట్టే సెరటోనిన్ మందులు ఈ నెలసరి ముందరి దిగులులో కొద్ది రోజుల్లోనే పనిచేయవచ్చు.