మెత్తటి బంకమట్టిపై ఇల్లు ఎన్నేళ్లు కుంగుతుందో ముందే చెప్పగలమా?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. కాకినాడ దగ్గర తీరానికి ఆనుకుని ఉన్న స్థలంలో రెండంతస్తుల ఇంటికి రాఫ్ట్ పునాది (ఇంటి కిందంతా పరిచే ఒకే కాంక్రీటు పలక) వేయబోతున్నాం. నేల పైభాగంలో 6 మీటర్ల మందాన మెత్తటి సముద్రపు బంకమట్టి, దాని అడుగున ఇసుక ఉన్నాయి. పల్లపు స్థలం కావడంతో రెండు నెలల కిందట ఒకటిన్నర మీటరు ఎత్తున గ్రావెల్ తోలించి మెరక చేయించాం. మట్టి పరీక్ష నివేదికలో సంపీడన సూచిక (బరువుకు మట్టి ఎంత నొక్కుకుంటుందో చెప్పే అంకె) 0.45, శూన్య నిష్పత్తి (మట్టి రేణువుల ఘనపరిమాణంతో పోలిస్తే వాటి మధ్య ఖాళీ) 1.25 అని ఉంది. ఇంటి బరువుకు కుంగుబాటు సుమారు 230 మి.మీ. అనీ, అందులో 90 శాతం మూడున్నరేళ్లలో పూర్తవుతుందనీ రాశారు. ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

మొదటి సమాధానం

ఎంత కుంగుతుందన్న అంకె కంటే ఎప్పటికి కుంగుతుందన్న అంకెనే ఎక్కువగా అనుమానించాలి. బరువు పడినప్పుడు బంకమట్టిలోని నీరు మెల్లగా బయటికి పోతుంటే నేల కుంగుతుంది. దీన్ని ప్రయోగశాలలో కొలిచే ఎడోమీటర్‌లో పెట్టే నమూనా మందం 20 మి.మీ.; నీరు పైకీ కిందికీ పోతుంది గనుక దాని దారి 10 మి.మీ. మాత్రమే. మీ పొరలో ఆ దారి 3 మీటర్లు, అంటే 300 రెట్లు. ఈ కుంగుబాటును లెక్కించే టెర్జాఘీ సిద్ధాంతంలో కాలం ఈ దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నమూనాకు 20 నిమిషాలు పడితే పొరకు దానికి 90,000 రెట్లు, అంటే 1,250 రోజులు పడుతుంది. నివేదికలోని మూడున్నరేళ్లు బహుశా ఇలా వచ్చినవే.

అయితే మన దగ్గర గ్రావెల్ పేరుతో తోలేది చాలాసార్లు బంక కలిసిన ఎర్రమట్టే. అది నీటిని పైకి పోనివ్వకపోతే దారి 6 మీటర్లై, కాలం పదమూడున్నరేళ్లు దాటుతుంది. అదే పొర మధ్యలో పక్కలకు కొనసాగే సన్నని ఇసుక చార ఒకటి ఉంటే ఏడాదిలోపే ముగియవచ్చు. పరీక్షకు నేలలోంచి గొట్టంతో తీసిన నమూనాను నిలువునా చీల్చి కొంత ఆరనివ్వండి. ఇసుక చారలు ముందుగా ఆరి, తెల్లగా తేలి కనిపిస్తాయి.

రెండవ సమాధానం

నివేదిక ఇంటి బరువునే లెక్కించింది, మెరకను వదిలేసింది. ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్ల చొప్పున ఆ మెరక చదరపు మీటరుకు 27 కిలోన్యూటన్ల భారం. ఇంటి భారం లోతుకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. స్థలమంతా పరచిన మెరక భారం దాదాపు తగ్గకుండా పొర అడుగు దాకా చేరుతుంది. కాబట్టి మీ నేల ఇప్పటికే కుంగుతూ ఉండాలి, దాన్ని కొలవడమే అన్నిటికన్నా నమ్మదగిన అంచనా.

మెరకలో గుంత తీసి, పాత నేల మీద ఇనుప పలక పెట్టి, దానికి నిలువు గొట్టం బిగించండి. వారానికోసారి లెవెల్ పరికరంతో ఆ గొట్టం ఎంత దిగిందో కొలిచి, ప్రతి కొలతనూ దాని ముందరి కొలతకు ఎదురుగా గ్రాఫ్‌లో గుర్తించండి. జపాన్ పరిశోధకుడు అసవోకా 1978లో చూపిన పద్ధతి ఇది: ఆ బిందువుల గీత 45 డిగ్రీల గీతను కలిసే చోటే తుది కుంగుబాటు. మొదటి రెండు నెలలు కొలవకపోయినా మిగిలింది తెలుస్తుంది. ఒకసారి మేము బెంచ్‌మార్కును (ఎత్తులు పోల్చే కదలని గుర్తును) అదే మెరక మీది ప్రహరీ స్తంభానికి పెట్టి, అదీ కుంగడంతో మూడు నెలల కొలతలు పోగొట్టుకున్నాం. మీరు దాన్ని మెరకకు దూరంగా గట్టి ఆధారం మీద పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

గీత కలిశాక కట్టడం మొదలుపెడితే ఇక కుంగదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఇంటి బరువుకు మళ్లీ కొంత కుంగుతుంది, కానీ మెరక కింద బిగిసిన నేల కనుక అది 230 కంటే బాగా తక్కువే. ఆ తర్వాత ద్వితీయ సంపీడనం, అంటే నీరు పోవడం ముగిశాక కూడా ఏళ్ల తరబడి సాగే నెమ్మది కుంగుబాటు, మిగులుతుంది. అకర్బన (కుళ్లిన ఆకూ అలమూ లేని) బంకమట్టిలో దాని సూచిక, సంపీడన సూచికలో సుమారు 0.04 వంతు, మీ విలువలతో నాలుగో ఏడాది నుంచి నలభయ్యో ఏడాది లోపు దాదాపు 48 మి.మీ. వస్తుంది. ఇల్లంతా సమంగా దిగితే గోడలకు పెద్దగా ప్రమాదం లేదు. నీటి గొట్టాలు, మెట్లు బయటి నేలను కలిసే చోట మాత్రం కదలికకు వీలుండే అతుకులు పెట్టండి.