తన విషం తనకే ఎక్కకుండా బంగారు విషకప్ప ఎలా తట్టుకుంటోంది?

కొలంబియా పసిఫిక్ తీరపు వానఅడవుల్లో, అదీ చాలా కొద్ది మేరలోనే బతికే ఈ కప్ప (శాస్త్రీయ నామం ఫిల్లోబాటిస్ టెరిబిలిస్) గురించి ఒక చిక్కుముడి. అయాన్ ఛానళ్ల (కణపొరలో సోడియంలాంటి అయాన్లను దాటనిచ్చే ప్రొటీన్ ద్వారాల) మీద పనిచేసేవాళ్లు ఎవరైనా విప్పగలరా?

సుమారు ఐదు సెంటీమీటర్ల ఈ కప్ప చర్మంలో దాదాపు ఒక మిల్లీగ్రాము బాట్రాకోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అక్కడి ఎంబెరా తెగ వేటగాళ్లు ఊదుగొట్టం బాణాల మొనల్ని బతికున్న కప్ప వీపు మీద రుద్దితే చాలు. ఈ విషం సోడియం ఛానళ్లకు అతుక్కుని వాటిని మూసుకోనివ్వదు. నరాలు, కండరాలు స్తంభించి, గుండె లయ తప్పుతుంది. మరి అవే ఛానళ్లున్న కప్పకు?

ఛానల్‌లోనే మార్పు ఉందనేది పాత జవాబు. 1980లో వచ్చిన ప్రయోగాల్లో ఈ కప్ప నుంచి వేరుచేసిన నరం, కండరం విషానికి చలించలేదు. బందీగా పుట్టి, విషమే లేని పిల్లల్లోనూ అంతే. 2017లో ఎలుక కండరపు సోడియం ఛానల్‌లో 1584వ స్థానంలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాన్ని త్రియోనిన్‌గా మారిస్తే నిరోధకత వచ్చింది. బాగానే ఉంది. కానీ 2021లో కప్ప సొంత ఛానల్‌నే పరీక్షిస్తే అది విషానికి లొంగిపోయింది, బతికున్న కప్పలు మాత్రం విషపు ఇంజెక్షన్‌ను తట్టుకున్నాయి! దాంతో విషాన్ని స్పాంజిలా పీల్చే ప్రొటీన్ ఏదో ఉండాలన్న వాదం వచ్చింది.

నా సందేహమల్లా ఇదే: ఆ ప్రొటీన్ రక్తంలో ఉంటే, ఒంటి నుంచి వేరుచేసి లవణ ద్రావణంలో ఉంచిన కండరానికి రక్షణ ఎక్కడిది? కణజాలంలోనే మిగిలిపోతుందా? మామూలు కప్ప కండరాన్ని ఈ కప్ప ప్లాస్మాలో (రక్తపు ద్రవభాగంలో) నానబెట్టి విషం చేరిస్తే తేలుతుందా, లేక ఇందులో ఏదైనా లొసుగుందా?