సమస్యాపూరణం: తలకు తెలియకమున్నె పాదమ్ము తన్నె

నిర్వాహకుడు: మొన్న మోకాలి నొప్పికని వెళ్తే డాక్టరుగారు రబ్బరు సుత్తితో టక్కున ఒకటి వేశారు. నేను "అబ్బా" అనేలోపే కాలు లేచి ఆయన కుర్చీని తన్నింది. ఆయనకు నవ్వు, నాకు సమస్య దొరికాయి.

తలకు తెలియకమున్నె పాదమ్ము తన్నె

ఆలుమగల తగాదాలు వద్దు బాబూ, పోయినసారివే ఇంకా అరగలేదు. వెన్నుపాము కనబడాలి.

గోదారిగట్టు:
వైద్యుడొక చిన్న సుత్తితో వచ్చి నాదు
కాలిచిప్పకు దిగువను కాస్త తట్ట
వెన్ను విని తానె యాజ్ఞను వెలువరించె
తలకు తెలియకమున్నె పాదమ్ము తన్నె

యతిమైత్రి: గణాలకు ఢోకా లేదు గట్టుగారూ. కానీ "కాలిచిప్ప" ఏమిటండీ? కొబ్బరిచిప్ప విన్నాం, మోకాటిచిప్ప విన్నాం. గణం కోసం మోకాలికి "మో" ఎగరగొట్టేశారే!

పాతసుత్తి: నలభై ఏళ్లు ఆ సుత్తి పట్టినవాణ్ణి, చిప్ప సంగతి వదిలేయండి. "విని" అన్న మాట చూడండి. చిప్ప కింది పట్టీ మీద తట్టగానే తొడ కండరం సాగుతుంది. ఆ కబురు వెన్నుపాములోకి నరానికుండే వెనక వేరు గుండా వెళ్తుంది, ఆజ్ఞ ముందు వేరు గుండా వస్తుంది. వెనక వేరు వింటుంది, ముందు వేరు చెబుతుంది. ఈ రెండు నాడుల మధ్య మూడోది లేదు, ఒకే ఒక్క కూడలి. మెదడుకూ కబురు వెళ్తుంది గానీ, అప్పటికి తన్నడం అయిపోతుంది. అలాగని తలను తక్కువ చేయకండి. పైనుంచి దిగే దారి దెబ్బతింటే పగ్గం వదిలినట్టు కాలు ఇంకా జోరుగా తంతుంది.

కొత్తపెన్ను: నేను ముల్లు గుచ్చుకున్నట్టు రాస్తున్నాను, సరిపోతుందా అండీ?

పాతసుత్తి: ముల్లు గుచ్చుకున్న కాలు వెనక్కి లాక్కుంటుంది నాయనా, తన్నదు. ఒంటి బరువు మోయడానికి బిగుసుకుని చాచుకునేది రెండో కాలు. పద్యంలో కాలు మార్చు.

యతిమైత్రి: సుత్తి లేకుండా నాదొకటి.
వెన్నుపామది పెరిగెడు వేళలోనె
కడుపులో బిడ్డ చిన్నగా కదల సాగు
నిండకయె మూడు మాసాలు నిజముగ మా-
తలకు తెలియకమున్నె పాదమ్ము తన్నె

నిర్వాహకుడు: ఆహా! తలను తల్లులను చేసేశారు.

గోదారిగట్టు: విరుపు అదిరింది, కాదనను. కానీ మాస్టారూ, మూడో పాదం చివర "గమా"? తేటగీతి పాదాంతంలో గురువా? ఊరందరి యతులూ తడిమి చూసేవారు సొంత గుమ్మంలో తట్టుకున్నారే! "మా" తీసి "వని" పెట్టండి: "నిజముగ వని- / తలకు". ఒక గురువు పోయి రెండు లఘువులు వచ్చాయి, అర్థమూ చెడలేదు. "నిజముగ" ఎందుకొచ్చిందో మాత్రం అడగను.

యతిమైత్రి: వేళ్లు తడబడ్డాయి. సవరించాను.

పాతసుత్తి: విషయం నిజమే. ఏడెనిమిది వారాలకే స్కానింగులో కదలిక కనబడుతుంది. తల్లికి తెలిసేది నాలుగైదు నెలలకు. మొదట్లో ఆ కదలికలకు పై మెదడు పెత్తనం ఇంకా ఉండదు.

గోదారిగట్టు: వేళ్లు తడబడ్డాయట! పోయిన నెల వెన్నుపామును ముడ్డిపూస దాకా సాగదీసినప్పుడూ వేళ్లేనా?

యతిమైత్రి: అది కవిసమయం.

పాతసుత్తి: ఆ కవిసమయం నమ్మి సూది గుచ్చలేం కదండీ. పెద్దవాళ్లలో పాము నడుము పూసల్లో మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద ఉన్నది నరాల కట్ట, దాన్ని గుర్రపుతోక అంటారు. వెన్నులోంచి నీరు తీసే సూది ఇంకా దిగువన గుచ్చేది అందుకే. అక్కడ పాము ఉండదు, నరాలు పక్కకు జరుగుతాయి.

నిర్వాహకుడు: పాముకు గుర్రపుతోకా! ఇంకేం, వచ్చే వారం సమస్య:
పాము తోకకు నశ్వంపు వాలమమరె

యతిమైత్రి: నా తప్పులోంచి పుట్టిన సమస్య కాబట్టి మొదటి పూరణ నాదే. గట్టుగారు ఆదివారం దాకా ఆగాలి.

గోదారిగట్టు: ఆగుతాను. పాదాంతాలు చూసుకోవడానికి మీకూ టైము కావాలి కదా.