వీడియో కేవైసీలో కళ్లార్పమంటోంది, చూపు లేనివాళ్లు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా చిన్నాన్నకు చూపు లేదు. ఫోన్ మాత్రం టాక్‌బ్యాక్ (తెరమీద ఉన్నది పైకి చదివే సౌకర్యం) పెట్టుకుని మాకన్నా వేగంగా వాడతాడు. ఇంట్లో కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ ఆయనవే.

ఒక బ్యాంకు యాప్‌లో కేవైసీ (మనం ఎవరో బ్యాంకు సరిచూసుకునే పని) దగ్గర ఆగిపోయాడు. గుండ్రటి గీతలో ముఖం పెట్టి కళ్లార్పమంటుంది. ముఖం లోపలుందో బయటికి పోయిందో ఫోన్ నోరు విప్పదు. ఈలోపు టైమ్ అయిపోయి మళ్లీ మొదటికి. బొమ్మలోని అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చాకి ఆడియో బటనే లేదు. బ్రాంచికి వెళితే "ఓటీపీ మీవాళ్లకి చెప్పి చేయించుకోండి సార్" అన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మెసేజ్ పెట్టేదీ వాళ్లే!

కళ్లార్పడం ఒక్కటే కాకుండా వేరే పద్ధతులూ ఉండాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఆ తీర్పు జతచేసి బ్యాంకుకి రాసి పని చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, అది తెలుసు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్‌కి కూడా ఇప్పుడే రాయాలా, ఆగాలా?

తెలుగులో అర్జీ నమూనా ఉంటే పెట్టండి. ఫొటో తీసి పెట్టకండి, టాక్‌బ్యాక్ సరిగ్గా చదవదు. ఆయనే టైప్ చేసి పంపుతానంటున్నాడు.