కర్నూలు గాలి చెడగొడుతున్నది ఆటోల పొగా, రోడ్డు దుమ్మా?

తుంగభద్ర_గట్టు:
బళ్లారి చౌరస్తాలో కాసేపు నిలబడి వస్తే చాలు, చొక్కా కాలర్ నల్లబడుతోంది. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడే, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్లలో మనదీ చేరింది. నా మటుకు కారణం పాత డీజిల్ ఆటోలు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది. ఇక్కడా అదే పెట్టాలి.

ఆటో_అన్న:
మొదలైంది! ఏం జరిగినా ఆటోవాడే దొరుకుతాడు. పొద్దున ఆరింటి నుంచి నేను రోడ్డు మీదే ఉంటా సామీ. డివైడర్ పక్కన మట్టి ఊడ్చి కుప్ప పెడతారు, ఎత్తరు. ఒక్క లారీ పోతే మళ్లీ రోడ్డంతా అదే. ఇసుక ట్రాక్టర్ మీద కప్పే పట్టా ఉండదు. తవ్విన గుంత ఆర్నెల్లకూ పూడదు. ఇదంతా నా సైలెన్సర్‌లోంచి వచ్చిందా?

డాబా_మీద:
మీ ఇద్దరివీ వేరే వేరే గొడవలు. రోడ్డు దుమ్ము చాలావరకు ముతక. ఎక్కువ భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. పీఎం 2.5 అనే సన్నరకం ఎక్కువగా కాలిన వాటి నుంచే వస్తుంది. డీజిల్, కట్టెలు, చెత్త. అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 దాటొద్దంది. అయితే ఆ కేంద్ర కార్యక్రమంలో ఊళ్ల పనితీరు ఎక్కువగా చూసేది పీఎం 10తో, అంటే సన్నదీ కాస్త ముతకదీ కలిపి కొలిచే లెక్కతో. అందులో బరువు చాలావరకు ముతక మట్టిదే. రోడ్డు మీద నీళ్లు చల్లితే అంకె దిగుతుంది, పొగ అలాగే ఉంటుంది. నా ఓటు చెత్త మంటకి. చలికాలం పొద్దున చూడండి, నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి మూతలా. పొగ ఎక్కడికీ పోదు. కాల్చేవాళ్లకి జరిమానా వేయాలి.

బుధవారపేట_పిల్ల:
ఎవరికి అన్నా జరిమానా? మా అమ్మ రోడ్లు ఊడుస్తుంది. చెత్త బండి రాని రోజు కుప్ప అట్లే ఉంటే తిడతారు, ఎవరో అగ్గిపుల్ల వేస్తే అదీ అమ్మ మీదికే వస్తుంది. కాలే దాంట్లో సగం ప్లాస్టిక్ కవర్లు. అవి మీ ఇళ్లలోంచి వచ్చినవే కదా. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చేవాళ్లు మా వీధిలో ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆటో_అన్న:
బాగా చెప్పినావు తల్లీ. బ్యాటరీ ఆటో కొనాలని నాకూ ఉంది. పాత అప్పే తీరలేదు.

తుంగభద్ర_గట్టు:
ఆటోల మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం తీసుకోను, మీ వెనక బైక్ మీద వస్తే తెలుస్తుంది. అది సరే, ఊడ్చేటప్పుడు అమ్మకి మాస్క్ ఏమైనా ఇస్తారా చెల్లెమ్మా?

బుధవారపేట_పిల్ల:
కొంగు చుట్టుకుంటుంది.